పత్యమేమీ లేదన్నాను

అమలాపురంలో మందుల చీటీ చేతికి ఇచ్చాక పేషెంటు వెంటనే లేచి వెళ్ళిపోడు. చీటీని అటూ ఇటూ తిప్పి చూసి, మడిచి జేబులో పెట్టుకుని, అప్పుడు తాపీగా అడుగుతాడు, "పత్యం ఏం చెయ్యమంటారండి?" అని. శుక్లం ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళూ అడుగుతారు, కళ్ళజోడు మార్చుకున్నవాళ్ళూ అడుగుతారు. ఒకాయనకి కంట్లో పడ్డ నలక తీసి పంపిస్తే, గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి వచ్చి, వంకాయ తినొచ్చా అని అడిగాడు. నలకకీ వంకాయకీ ఏమిటండీ సంబంధం అన్నాను. "ఏమోనండి, తమరే చెప్పాలి" అన్నాడు, ఎంతో మర్యాదగా.

వాళ్ళు మర్యాదగా అడిగేకొద్దీ నాకు ఒళ్ళు మండేది. నేను చదువుకున్న కంటి వైద్యంలో పత్యం అనే మాటే లేదు. చిన్నప్పుడు నాకు జ్వరం వస్తే మా అమ్మ మూడు రోజులు చారన్నంతో సరిపెట్టేది, ఆ కక్ష కూడా కొంత ఉందేమో తెలియదు. "పత్యమేమీ లేదు, అన్నీ తినండి. ఆకుకూరలు తినండి, చేపలు తినండి, పాలు తాగండి" అని గడగడా చెప్పేసి తరువాతి పేషెంటుని పిలిచేదాన్ని. రోజుకి యాభైసార్లు చెప్పేదాన్ని కాబట్టి ఏం చెబుతున్నానో నాకే వినిపించేది కాదు.

నేను రెటీనా డాక్టర్ని. కంట్లోకి వచ్చిన వెలుతురు చివరికి వెళ్ళి పడేది ఆ పొర మీదే. అది పాడైతే మిగతా కన్ను ఎంత నిక్షేపంలా ఉన్నా ప్రయోజనం లేదు. నేను పుట్టింది కొత్తపేట పక్కన. చదువు పేరు చెప్పి నాలుగైదు పెద్ద ఊళ్ళు తిరిగి, చివరికి మా గోదావరి లంకల మధ్యకే వచ్చి పడ్డాను. పెద్ద ఊళ్ళో ఉండిపోవచ్చుగా అని ఇప్పటికీ అడుగుతారు. అక్కడ నాలాంటివాళ్ళు వీధికొకరు, ఇక్కడ నేనొక్కదాన్నే అంటాను. గొప్పకి చెప్పడం లేదంటే అబద్ధం అవుతుంది, గొప్పకే చెబుతాను. పైగా నాకు అరుదైన జబ్బులంటే ఇష్టం. మిగతాచోట్ల అవి పుస్తకాల్లో చివరి పేజీల్లో ఉంటాయి. మా వైపు మేనరికాల పుణ్యమా అని వచ్చి ముందు బెంచీలో కూర్చుంటాయి. దగ్గరి సంబంధాలు వద్దని చెప్పి చెప్పి నా నోరు నొప్పెట్టింది. అందరూ "ఆయ్, అలాగేనండి" అంటారు, వెళ్ళి ముహూర్తం పెట్టుకుంటారు.

ఆ అమ్మాయి మొదటిసారి వచ్చినప్పుడు వయసు ఇరవై ఆరో ఏడో. సఖినేటిపల్లి దాటాక గోదావరి సముద్రంలో కలిసే వైపు వాళ్ళ ఊరు. భర్త బోటు మీద వేటకి వెళ్తాడు. ఇంట్లో ఆడవాళ్ళు ఇసకలో చేపలు ఎండబెట్టి సంతలకి తీసుకెళ్ళి అమ్ముతారు. కూడా వచ్చినావిడకి డెబ్భై ఏళ్ళుంటాయి, గట్టిపిండం. వస్తూనే పరిచయం చేశారు.

"ఇది నా మనవరాలండి. నాకు కోడలు కూడానండి."

అంటే ఆ అమ్మాయిని స్వయానా మేనమామకే ఇచ్చారు. కన్నతల్లిదండ్రులు కూడా మేనత్త మేనమామ బిడ్డలేనట. తల్లి చిన్నప్పుడే పోతే అమ్మమ్మే పెంచి, అమ్మమ్మే అత్తగారైంది. ఆవిడని నేను మామ్మగారూ అని పిలిచాను, మా వైపు పెద్దవాళ్ళని అలాగే పిలుస్తాం.

కంప్లయింటు పాతదే. పదిహేనో ఏట నుంచి రేచీకటి. దీపాలు పెట్టే వేళకి ఎదురుగా ఉన్న మనిషి కనిపించడు. ఇప్పుడు పగలు కూడా పక్కనుంచి వచ్చేవాళ్ళు తెలియక గుద్దుకుంటోంది. కళ్ళలో చుక్కలు వేయించి, నెత్తిన లైటు పెట్టుకుని, చేతిలో అద్దంతో లోపలికి చూశాను. రెటీనా అంచుల నిండా నల్లటి మచ్చలు, మసిగోడ మీద బూజులా. మధ్యలో మాత్రం కొంత శుభ్రంగా ఉంది. వంశంలో దిగే రేచీకటి జబ్బు, మాకు వందల్లో కనబడేదే. దానికి మందు లేదు. చూపు అంచుల నుంచి మధ్యకి మూసుకుంటూ వస్తుంది, చివరికి మధ్యది కూడా పోవచ్చు. ఆ మాట మెత్తగానే చెప్పాను కానీ వేగంగా చెప్పాను. బయట నలభైమంది ఉన్నారు.

మామ్మగారు చీటీని మడిచి అడిగారు.

"మరి పత్యం ఏటండి?"

"పత్యమేమీ లేదు మామ్మగారూ. బాగా తినిపించండి. చేపలు కంటికి మంచివి. మీకు చేపలకేం లోటు?"

"లోటేముందండి. తలకాయలన్నీ దానికే పెడతాను, ఆయ్."

తలకాయ పులుసు కంటికి మంచిదని మా వైపు అందరూ నమ్మేదే. నేనూ కాదనలేదు. మామ్మగారి ముఖంలో కాస్త వెలుగు వచ్చింది. మందు లేని జబ్బుకి తాను చెయ్యగలిగింది ఒకటి దొరికినందుకు అని నాకు అప్పుడే అర్థమైంది. మంచిపనే చేశానని అనుకున్నాను.

మూడేళ్ళ తరువాత మళ్ళీ వచ్చారు. ఎండలు మండిపోతున్న వైశాఖమాసం, సోమవారం, కుర్చీలు చాలక జనం గుమ్మంలో నిలబడి ఉన్నారు. ఆ అమ్మాయి మామ్మగారి భుజం పట్టుకుని నడిచి వచ్చింది. నడక తేడాగా ఉంది. కాలు ఎక్కువ ఎత్తి, పాదాన్ని నేలమీద చప్పుడయ్యేలా వేస్తోంది. చూపు లేనివాళ్ళు నెమ్మదిగా తడుముకుంటూ నడుస్తారు, ఇలా నడవరు. నేను గమనించాను, గమనించి పక్కన పెట్టేశాను. నా పని కళ్ళు, కాళ్ళు కాదు.

చూపు విస్తీర్ణం కొలిచే పరీక్ష చేయించాను. ఒక గిన్నెలాంటి దాంట్లోకి చూస్తూ, వెలుగు చుక్క కనిపించినప్పుడల్లా బటన్ నొక్కాలి. చుక్కలు చాలా పడ్డాయి, ఆ అమ్మాయి చాలా తక్కువసార్లు నొక్కింది. బల్లకి అవతల నేను కూర్చుంటే ఆమెకి నా ముఖం కనబడుతోంది, భుజాలు కనబడటం లేదు. మూడేళ్ళలో అంత తగ్గింది. అదే లెక్కన ఇంకో రెండేళ్ళకి ఆ ముఖం కూడా ఉండదు. పింఛనుకి సర్టిఫికెట్టు రాసిద్దామని కాగితం తీశాను.

మామ్మగారు రసీదు తేవడానికి బయటికి వెళ్ళారు. అప్పుడు ఆ అమ్మాయి ఒళ్ళోని సంచి బల్ల మీద పెట్టింది.

"తమ కోసమేనండి. పొద్దున్నే పడ్డ కానాగంత చేపలండి. ఐసు వేసి తెచ్చేను."

పొద్దున్న మంచివేనేమో. దారిలో బస్సు చెడిపోయి రాజోలు అవతల గంటన్నర ఎండలో ఆగిందట. ఐసంతా నీళ్ళయిపోయింది. సంచి మూతి విప్పేసరికి గదంతా కంపు. మా నర్సు ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని కిటికీ దగ్గరికి పరిగెత్తింది. గుమ్మంలో నిలబడ్డవాళ్ళు వెనక్కి జరిగారు. నాకు కోపం ముందు పుట్టి తరువాత నేను పుట్టాను.

"ఏమ్మా, ఇంత కుళ్ళినవి ఒళ్ళో పెట్టుకుని ఎలా కూర్చున్నావు? చేపలమ్మే ఇంటి పిల్లవేనా నువ్వు?"

ఆ అమ్మాయి ముఖం చిన్నబోయింది. సంచి వైపూ నా వైపూ చూసింది. ఏం జరిగిందో ఆమెకి నిజంగా తెలియలేదు. అంతలో మామ్మగారు వచ్చారు. గుమ్మంలోనే వాసన తగిలి, గబగబా వచ్చి సంచి అందుకున్నారు.

"దాన్ననకండమ్మా. దానికి వాసన తెల్దండి."

"జలుబా?"

"జలుబు కాదండి. పుట్టుకే అంత. చేప మంచిదో కాదో కంటితో చూసి, వేలేసి నొక్కి చెప్తాదండి. ముక్కుతో చెప్పాల్సినవి నేను చెప్తాను. సంతలో మేమిద్దరం కలిస్తే ఒక మనిషండి."

నేను సర్టిఫికెట్టు కాగితం పక్కకి తోశాను. ముప్ఫై ఏళ్ళ క్రితం పీజీ పరీక్షలో ఒక ప్రొఫెసరు రేచీకటి గురించి అడుగుతూ అడుగుతూ, ఇందులో వైద్యం ఉన్నవి చెప్పమన్నాడు. వేళ్ళమీద లెక్కపెట్టేన్ని ఉన్నాయి. ఒకటి నేను పాఠంలా అప్పజెప్పాను. రేచీకటి, ముక్కుకి వాసన తెలియకపోవడం, కాళ్ళలో నరాలు దెబ్బతినడం, చర్మం పొలుసులుగా లేవడం, కొందరిలో పుట్టుకతోనే కాలి వేళ్ళు పొట్టిగా ఉండటం. ప్రొఫెసరు తల ఊపాడు, నేను పాసయ్యాను, ఆ జబ్బుని ఆ తరువాత ఎక్కడా చూడలేదు. చూడలేదు అనుకున్నాను.

"చీర కొంచెం పైకి తియ్యమ్మా" అన్నాను.

మోకాలి కింద చర్మమంతా ఎండి, తెల్లటి పొట్టు రేగి ఉంది. ఉప్పునీళ్ళలో పని కదా, అందరికీ అంతేనండి అన్నారు మామ్మగారు. పాదాలు చూశాను. రెండు కాళ్ళకీ నాలుగో వేలు పొట్టిగా, మిగతావాటి వెనక దాక్కుని ఉంది. దెబ్బ తగిలిందా అంటే, పుట్టడమే అలా పుట్టిందన్నారు. కళ్ళు మూసుకోమని కాలి బొటనవేలు పైకీ కిందికీ వంచి, ఎటు వంచానో చెప్పమన్నాను. తెలియదంది. నాకు ఒళ్ళు జలదరించింది. ఆనందం అని చెప్పడానికి సిగ్గుగా ఉంది కానీ, అందులో సగం ఆనందమే. రెండో సగం రావడానికి ఒక్క నిమిషం పట్టింది.

ఆ జబ్బులో ఒకరకం కొవ్వు ఒంట్లో అరగదు. అది ఒంట్లో పుట్టేది కాదు, తిండిలోంచి వచ్చేదే. పాలు, వెన్న, నెయ్యి, మేకమాంసం, కొవ్వున్న సముద్రం చేపలు. మిగతావాళ్ళకి అది వచ్చిన దారినే పోతుంది. వీళ్ళకి పోదు, కంట్లోనూ నరాల్లోనూ చర్మంలోనూ పేరుకుంటుంది. వైద్యమల్లా అవి తినకపోవడం. అంటే పత్యం.

"ఇంతకు ముందు నేనిచ్చిన చీటీ ఉందా?" అని అడిగాను.

ఉంది. ప్లాస్టిక్ కవర్లో పెట్టి, ఆధార్ కార్డుతో పాటు దాచారు. నా చేతిరాతే. విటమిను బిళ్ళల పేరు కింద, చేపలు, మేక కార్జం, పాలు బాగా తీసుకోవాలి అని ఉంది. చేపలు అన్నదాని కింద గీత కూడా గీశాను.

రక్తం తీసి హైదరాబాదు పంపాలని, అక్కడినుంచి ఇంకెక్కడికో వెళ్ళి ఫలితం రావడానికి నెల పైన పడుతుందని చెప్పాను. ఈ లోపల ఈ రోజునుంచే చేప ముట్టుకోవద్దు, మేక వద్దు, పాలు పెరుగు నెయ్యి వద్దు అన్నాను. మామ్మగారు నా ముఖంలోకి చూశారు.

"తమరే కదండీ తినమన్నారు?"

నిలదియ్యడం కాదు, నిజంగానే అడిగారు. దానికి నేనేం చెప్పానో రాయడానికి మనసొప్పడం లేదు. "అప్పుడు చెప్పింది అప్పుడు, ఇప్పుడు చెప్పేది ఇప్పుడు. చెప్పినట్టు చెయ్యండి" అని కసిరాను. తప్పు చేసినప్పుడే నా గొంతు ఎక్కువ లేస్తుంది, అది నాకు ఎప్పటినుంచో తెలుసు. ఆవిడ "ఆయ్" అని తలూపి, మనవరాలి చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయారు.

ఐదు వారాలకి ఫలితం వచ్చింది. ఆ కొవ్వు ఉండాల్సినదాని కంటే ఎన్నో రెట్లు ఉంది. నా అనుమానం నిజమైంది. కోనసీమలో ఒక మూల కూర్చుని ముక్కునీ కాలి వేలునీ చూసి పట్టుకున్నాను కాబట్టి గర్వం వచ్చింది, దాచుకోను. అదే కాగితం చేత్తో పట్టుకుని మామ్మగారికి ఫోన్ చేశాను. వచ్చారు. ఈసారి ఓపీ అయిపోయాక రమ్మన్నాను, బయట ఎవరూ లేరు.

"నేను తప్పు చెప్పాను మామ్మగారూ. అప్పుడే ముక్కు గురించి అడిగి ఉంటే తెలిసేది. అడగలేదు. చేపలు తినమని చెప్పడం వల్ల జబ్బు తొందరపడింది."

ఆవిడ మనవరాలి చెయ్యి తన ఒళ్ళోకి తీసుకున్నారు. తరువాత అన్నారు.

"తమరు చెప్పింది ఒక్కసారండి. నేను పెట్టింది రోజూనండి. తను వద్దన్నా ముద్దలు కలిపి పెట్టేను. సొరచేప పిట్టు చేసి పెట్టేను, కార్జం తెప్పించి పెట్టేను. కడుపుకి ఎంత పెడితే కంటికి అంత అనుకున్నాను."

ఆవిడ ఏడవలేదు. నాకే కళ్ళు తుడుచుకోవాల్సి వచ్చింది. ఆ అమ్మాయి మధ్యలో కూర్చుని, ఇద్దరినీ ఒకరి తరువాత ఒకరిని తల తిప్పి చూసింది. ఆమెకి చూపు అంతే ఉంది కాబట్టి, ఎవరిని చూడాలన్నా తల మొత్తం తిప్పాలి.

"ఇప్పుడు మానేస్తే ఆగుద్దాండి?" అని ఆమె అడిగింది.

"పోయింది రాదు. ఉన్నది నిలబడొచ్చు. కాళ్ళు బాగుపడతాయి."

పత్యం చెప్పడం మొదలుపెట్టాను. జీవితంలో మొదటిసారి చెబుతున్నాను కాబట్టి నాకు రాలేదు. వాళ్ళకే బాగా వచ్చు. బాలింత పత్యం, కామెర్ల పత్యం చూసిన ఇల్లు. కోడి తినొచ్చాండి, తినొచ్చు. గుడ్డో, తినొచ్చు. రొయ్యల గురించి మామ్మగారు మూడుసార్లు అడిగారు, కొన్నాళ్ళు అవీ వద్దన్నాను. కొబ్బరి తినొచ్చన్నాను. కోనసీమలో కొబ్బరి వద్దంటే కొబ్బరి మానరు, డాక్టర్ని మానేస్తారు. వాళ్ళ నాలుగేళ్ళ కూతురి రక్తం కూడా పంపించాం, ఆ పిల్లకి జబ్బు లేదు.

నాలుగు నెలలు బ్రహ్మాండంగా నడిచింది. కాళ్ళమీద పొట్టు రాలిపోయి చర్మం నున్నబడింది. నేను కాన్ఫరెన్సులో చెప్పడానికి ఫోటోలు కూడా తీశాను. అప్పుడు కార్తీకమాసం వచ్చింది.

కార్తీకం చివరివారంలో ఒకరోజు పొద్దున్న ఆటోలో తీసుకొచ్చారు. భర్త ఎత్తుకుని దించాడు. మెట్టెక్కలేకపోతోంది. గుండె దడదడలాడుతోందంటోంది. కాళ్ళమీద పొట్టు మళ్ళీ లేచింది. జాకెట్టు భుజాల మీదనుంచి జారిపోయేంత చిక్కిపోయింది. చేప తిన్నావా అని గట్టిగా అడిగాను. మామ్మగారికి పౌరుషం వచ్చింది.

"చేప మాటెత్తకండి. పచ్చి మంచినీళ్ళు కూడా ఒళ్ళు దగ్గరెట్టుకుని తాగుతోందండి. కార్తీక సోమవారాలు నాలుగూ ఉపోషం ఉంచేను. మిగతా రోజులు ఒంటిపూట. చూపు నిలబడేదాకా అని మొక్కేను. తమరు చెప్పినదానికి పదింతలు పత్యం చేయిస్తున్నాను."

ఆ కొవ్వు కొత్తగా లోపలికి రాకపోతే చాలదు, పాతది ఒంట్లో నిలవుంది. మనిషి పస్తుంటే ఒంట్లో కొవ్వు కరుగుతుంది, దాంతోపాటు ఆ విషమంతా ఒక్కసారిగా రక్తంలోకి దిగుతుంది. ఈ జబ్బులో ఉపవాసం చేప కంటే చెడ్డది. అది నాకు తెలుసు. పుస్తకంలో ఉంది. ఏం తినకూడదో చెప్పాను కానీ, కడుపునిండా తినాలని చెప్పలేదు. ఇంకో దేశం డాక్టరు చెప్పకపోతే పోనీ, పత్యం అంటే నోరు కట్టుకోవడమేనని మా ఇంట్లో చారన్నం తిని పెరిగిన నాకు తెలియదా? మాట అన్నాక ఆ మాట ఎవరింట్లో ఎలా వినబడుతుందో చూసుకోవాల్సింది నేనే.

ఈసారి కసరలేదు. మా వీధి చివర ఫిజీషియన్ నాతో చదువుకున్నవాడే. అతని ఆస్పత్రిలో చేర్పించి, గుండె పరీక్ష చేయించి, గ్లూకోజు పెట్టించాం. అప్పుడు మామ్మగారిని పక్కన కూర్చోబెట్టుకున్నాను.

"మామ్మగారూ, దేవుడికి మొక్కు నేను తీరుస్తాను. మీరు మాత్రం పెట్టండి. చేప, మేక, పాలు, నెయ్యి తప్ప అన్నీ పెట్టండి. మూడుపూట్లా పెట్టండి. అమ్మాయి చిక్కితే కళ్ళు పోతాయి, అర్థమైందా?"

"పెట్టమంటున్నారాండి?" అన్నారు, నమ్మలేనట్టు.

"పెట్టమనే అంటున్నాను. కొసరి కొసరి పెట్టండి."

ఆవిడ అప్పుడు ఏడ్చారు. కుళ్ళిన చేపలప్పుడూ, ఫలితం చెప్పినప్పుడూ ఏడవని మనిషి, పెట్టమన్నందుకు ఏడ్చారు. అక్కడే కొంగుతో ముఖం తుడుచుకుని, ఆస్పత్రి ఎదుట హోటల్లో నెయ్యి వెయ్యకుండా ఇడ్లీ ఇస్తారా లేదా అని కనుక్కోవడానికి వెళ్ళారు.

వారంలో గుండె సర్దుకుంది. కాళ్ళు నెలల మీద తేరుకున్నాయి. మామ్మగారు ఇక నా ఆజ్ఞ ఒక్క అక్షరం జారనివ్వలేదు. ప్రతి సోమవారం మనవరాలిని రేవులో చేపల పెట్టెలు తూచే కాటా మీద నిలబెట్టి, నాకు ఫోన్ చేసేవారు. "తగ్గలేదండి, ఆయ్" అని అంతే చెప్పి పెట్టేసేవారు. ఆ ఇంట్లో రెండు పొయ్యిలయ్యాయి. మగవాళ్ళకి చేపల పులుసు బయట పొయ్యి మీద, ఈ అమ్మాయికి కోడీ గుడ్డూ కూరగాయలూ లోపల. సంతలో చేపలు అమ్ముతూనే ఉంది, నోట్లో మాత్రం పెట్టుకోదు. రోజూ చేపలు అమ్ముతావు కదా, ఒక్క ముక్క కూడా రుచి చూడాలనిపించదా అని నేనొకసారి అడిగాను. వాసన తెలియనిదానికి రుచేం తెలుస్తుందండి, నాకు పోయిందేం లేదు అంది. నవ్వుతూనే అంది. ఆమె నవ్వగా నేను చూడటం అదే మొదలు.

నేనూ కొంత మారాను. రేచీకటితో ఎవరొచ్చినా మల్లెపూవు చేతికిచ్చి వాసన చూడమంటున్నాను, చెప్పులు విప్పమంటున్నాను. కళ్ళ డాక్టరు కాళ్ళు చూస్తోందని అమలాపురంలో నవ్వుకుంటున్నారట. నవ్వుకోనివ్వండి. పత్యం ఏమిటండీ అని అడిగితే ఇప్పుడు కుర్చీలో వెనక్కి వాలి, మీరేం తింటారో చెప్పండి అంటాను. వంకాయ గురించి మాత్రం ఇప్పటికీ విసుక్కుంటాను.

పత్యం మొదలైన రెండేళ్ళకి, మొన్న మళ్ళీ ఆ గిన్నె పరీక్ష చేయించాను. ఈ రెండేళ్ళూ ఆరునెలలకొకసారి చేయిస్తూనే ఉన్నాను కానీ, ఒక్కో పరీక్షలో కొంచెం అటూ ఇటూ అవుతుంది, ఏదీ నమ్మకంగా చెప్పడానికి వీల్లేదు. రెండేళ్ళయితే చెప్పొచ్చు. ఉన్నదేదో నిలిచిందా, లేక నేను చెప్పినదంతా కంటితుడుపేనా అన్నది ఆ రోజు తేలాలి. ఆ అమ్మాయి బటన్ నొక్కుతున్నంతసేపూ నేను ఇంకో పేషెంటుని చూస్తున్నట్టు నటిస్తూ ఆ టిక్కు టిక్కు శబ్దమే విన్నాను.

కాగితం వచ్చింది. రెండేళ్ళనాటి కాగితం తీసి, రెండూ ఒకదానిమీద ఒకటి పెట్టి కిటికీ వెలుతురుకి పట్టుకుని చూశాను. మధ్యలో తెల్లటి గుండ్రం, చుట్టూ నలుపు. ఆ గుండ్రం మీద ఈ గుండ్రం కూర్చుంది. ఇంకోసారి చూశాను. రెండో కన్నుదీ చూశాను.

"పెరిగిందాండి?" అంది ఆ అమ్మాయి.

"పెరగలేదు."

"తగ్గిందాండి?"

"తగ్గలేదు. అణువంత కూడా తగ్గలేదు. పత్యం ఉన్నంతకాలం ఇది నీదే."

మామ్మగారు రెండు చేతులూ ఎత్తి ఎటో దణ్ణం పెట్టారు. ఆ అమ్మాయి మాత్రం ఒళ్ళో చేతులు పెట్టుకుని అలాగే కూర్చుంది. తరువాత, చిన్నపిల్ల బడిలో అడిగినట్టు మెల్లగా అంది.

"ఒకటి అడగమంటారాండి?"

"అడుగు."

"తమరు మొదట్లో చెప్పేరు కదండి, చూపు మూసుకుపోద్దని. ఆ మర్నాటి నించీ రోజూ తెల్లారి లేచి కళ్ళకి గుడ్డ కట్టుకుంటన్నానండి. పొయ్యి కాణ్ణించి నూతి కాడికి, నూతి కాణ్ణించి మంచం కాడికి అడుగులు లెక్కెట్టుకుని తిరుగుతాను. అన్నం వార్చడం నేర్చేసుకున్నాను. పిల్లకి తల దువ్వి జడెయ్యడం కూడా అలాగేనండి, గుడ్డ కట్టుకునే. ఎప్పటికైనా తప్పదు కదా, అప్పుడు పిల్ల ఇబ్బంది పడకూడదని."

మామ్మగారు చేతులు దించి మనవరాలి వంక చూశారు. ఒకే ఇంట్లో ఉండి ఐదేళ్ళు ఆవిడకి తెలియలేదు.

"ఇంక మానెయ్యొచ్చాండి?" అని అడిగింది ఆ అమ్మాయి.

ఆ అభ్యాసం మొదలుపెట్టమని చెప్పడం నా ఉద్యోగంలో భాగం. ఇన్నేళ్ళలో ఎంతమందిని కూర్చోబెట్టి, భుజం తట్టి, ఆ మాట చెప్పి పంపించానో లెక్క లేదు. ఎలా చెప్పాలో, ఎక్కడ ఆగాలో నాకు బాగా తెలుసు. మానెయ్యమని చెప్పాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు.

"మానెయ్యమ్మా" అన్నాను. "రేపట్నించి పిల్లని చూసుకుంటూ జడెయ్యి."